నెరిడా బోర్డు

సీసాను కుదపకూడదు.
ఈ గదిలో నాకు నేర్పిన మొదటి మాట అదే.
కుదిపితే నురగొస్తుంది, ప్రతిరక్షకం పాడైపోతుంది.
నిద్రపోతున్న పసిపిల్ల తల సర్దినట్టు
ఒక పక్కకి ఒరిగించి
సెలైన్ సంచిలోకి దించుతాను.
బండబర్గ్ ఆసుపత్రి, కింది అంతస్తు, ఉదయం ఏడున్నర.
రాత్రి చెరకు తోటలు కాల్చిన మసి
కార్ల మీద కూర్చుంది. ఇక్కడివాళ్ళు నల్లమంచు అంటారు.

సంచి మీద పేరు: నెరిడా ట్రెగియర్, అరవై ఎనిమిది.
ఇరవై ఆరేళ్ళు స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించింది.
ఒక చేతిలో కర్రకి గుచ్చిన గుండ్రటి "ఆగు",
రెండో చెయ్యి గాల్లో.
చెరకు లారీలు ఆగేవి, పాల ట్యాంకర్లు ఆగేవి,
ఒకసారి పోలీసు కారు సైరనుతో సహా ఆగిందట.
ఎండ మాత్రం ఆగలేదు.
ఎడమ భుజం మీది పుట్టుమచ్చ
తన అంచులు తనే చెరిపేసుకుని
చంకలోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తిలోకి దిగింది.

టి-కణాలు లేవా అంటే, ఉన్నాయి.
గాజుపలక మీద నీలి చుక్కలుగా నేనూ చూశాను.
గుమ్మం దాకా వచ్చి
చెప్పులు విప్పాలో వద్దో తెలియని చుట్టాల్లా
కణితి చుట్టూ నిలబడిపోయాయి.
ఇంటి దొంగను ఈశ్వరుడూ పట్టలేడంటారు.
ఇక్కడ పట్టారు. పట్టుకుని వదిలేశారు.

డాక్టరమ్మ ఆమెకిలా చెప్పింది:
టి-కణం ఒంటి మీద ఒక గ్రాహకం ఉంటుంది,
దాన్ని తాకి ఎవరైనా "ఇక చాలు" అంటే
కత్తి దించేస్తుంది.
అది లోపం కాదు. అదే లేకపోతే
జలుబు తగ్గాక కూడా లోపల యుద్ధం సాగేది.
కణితి ఆ ఒక్క మాటా నేర్చుకుంది,
మన గొంతుతోనే అంటోంది.

నెరిడా చాలాసేపు మాట్లాడలేదట.
తర్వాత, "నా బోర్డు కొట్టేసిందన్నమాట, దొంగముండ."

నేను కలిపేది ఎర్రగా ఉండదు, మండదు.
మంచినీళ్ళలా ఉంటుంది.
ఇంత ఖరీదుకి రంగైనా లేదా అని కొందరు నిరాశపడతారు.
అది దేన్నీ చంపదు.
వెళ్ళి ఆ గ్రాహకం మీద
తాళం కన్నంలో మైనంలా కూర్చుంటుంది, అంతే.
దొంగ "ఆగు, ఆగు" అంటూనే ఉంటాడు.
వినేవాళ్ళుండరు.

అందరి విషయంలోనూ ఇలా జరగదు.
పక్క కుర్చీ లెన్నాక్స్, రమ్ము పీపాలు బిగించినవాడు,
అదే మందు, అదే మోతాదు.
నాలుగో సంచి కలిపి పెట్టాక పైనుంచి ఫోను: ఇక అక్కర్లేదు.
పారేసే డబ్బాలో వేసేటప్పుడు కూడా
కుదపలేదు నేను.

ఐదో సంచి తర్వాత
నెరిడాకి మోకాళ్ళు పట్టేశాయి, థైరాయిడ్ చతికిలబడింది.
కంచె చేను మేసింది.
మేపింది మేమే.
"ఊరికే నిలబడ్డాననుకున్నావా ఇన్నేళ్ళూ?" అంది నర్సు తెవితతో,
స్టెరాయిడ్ మాత్ర మింగుతూ,
"బోర్డు దించేస్తే పిల్లలూ చక్రాల కింద పడతారు."

ఆగస్టులో ముంజేతి మీద తెల్లమచ్చ,
సున్నపు బొట్టు పడి ఆరినట్టు.
ఇంకెక్కడైనా దాన్ని పొడుగు చేతుల చొక్కాలో దాచుకునేవారు.
తెవిత ఆ చెయ్యి పట్టుకుని
వార్డంతా తిప్పి చూపించాడు, కొత్త గాజులేసిన చెయ్యిలా.
నల్లదాన్ని వెతుకుతూ బయల్దేరిన కణాలు
ఆ రంగున్న ప్రతి గడపా సోదా చేస్తున్నాయి.
స్కానులో గోలీలు బఠాణీలయ్యాయి.
ఒకటి కనబడలేదు. ఒకటి ఇంకా ఉంది.

ఇవాళ తొమ్మిదో సంచి.
వీధి చివర స్కూలు గంట కొట్టారు.
ఎవరో కొత్తాయన రోడ్డు మధ్యకి నడిచి బోర్డెత్తాడు.
బళ్ళు ఆగాయి.
సీసా ఒరిగిస్తూ
లేబులు మీద పేరు మరోసారి చదువుకున్నాను.